ఒక్క నకలుకి అయిదు గేర్లు

ఆసుపత్రిలో ఆమెను అందరూ నిదానమ్మ అనేవారు. ల్యాబులో రక్తం తీసే పని ఆమెది. పదేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. నరం దొరకని ముసలివాళ్ళనీ, సూది చూడగానే గుక్కపట్టే పసివాళ్ళనీ నర్సులు ఏరి ఏరి ఆమె దగ్గరికే పంపేవారు. ఆమె తొందరపడేది కాదు. మోచేతి మడతలో వేలితో మెల్లగా తడిమి, ఎదుటివాళ్ళను ఏదో కబుర్లో పెట్టి, వాళ్ళు జవాబు చెప్పేలోగా పని కానిచ్చేసేది. అలా వచ్చిన పేరది.

ఆ నిదానం ల్యాబు గుమ్మం దాటితే మాత్రం మరో రకంగా ఉండేది. ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఆమెకు నోరు పెగిలేది కాదు. బస్సులో కండక్టరు చిల్లర మరిచిపోతే దిగిపోయేదే కానీ అడిగేది కాదు. అడగందే అమ్మైనా పెట్టదని తల్లి ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. అలాంటి మనిషికి, అడగక తప్పని పని ఒకటి వచ్చి పడింది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. చాలాకాలంగా పరాయి దేశంలో ఉంటున్నాడు. మూడేళ్ళ క్రితం నలభై రోజుల సెలవు మీద వచ్చి ఆమెను పెళ్ళి చేసుకుని వెళ్ళాడు. ఇద్దరూ ముప్ఫై దాటినవాళ్ళే. అతనికది రెండో పెళ్ళి. ఆ సంగతి దాచలేదు. చూడ్డానికి వచ్చిన రోజునే, టీ కప్పు కింద పెట్టకముందే చెప్పేశాడు. ఆ తీరు నచ్చే ఆమె సరేనంది. వెళ్ళీ వెళ్ళగానే భార్యను అక్కడికి శాశ్వతంగా తీసుకెళ్ళడానికి దరఖాస్తు పెట్టాడు. కాగితాలు రెండేళ్ళు నడిచి నడిచి ఇంటర్వ్యూ దాకా వచ్చాయి. అద్దం వెనకున్న అధికారి నాలుగంటే నాలుగు ప్రశ్నలు వేసి, నవ్వి, పాస్‌పోర్టుతో పాటు ఒక పచ్చ చీటీ చేతిలో పెట్టి పంపించాడు.

చీటీలో ఉన్నది ఇంతే. భర్త మొదటి పెళ్ళి రద్దయినట్టు కోర్టు ఇచ్చిన తీర్పు నకలు కావాలి. ఫైల్లో ఉన్న జిరాక్సులో ముద్ర కనిపించడం లేదు, రెండో పేజీ అసలే లేదు. కోర్టు ముద్రతో అన్ని పేజీలూ ఉన్న నకలు, లామినేషన్ చెయ్యనిది, ఏడాదిలోగా అందించాలి. అందకపోతే ఫైలు మూసేస్తారు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి.

ఏడాది అనగానే ఆమెకు భయం వెయ్యలేదు. ఒక్క కాగితానికి ఏడాది ఎందుకు, నెల చాలదా అనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

మొదటి మూడు నెలలూ వదిన చేతిలో పోయాయి. భర్తకు అక్క అయిన ఆ వదినగారు ఇంటి కాగితాలన్నింటికీ తనే కావలి అనుకునే మనిషి. తీర్పు తన ఇనప్పెట్టెలోనే భద్రంగా ఉందనీ, కళ్ళు మూసుకుని తీసివ్వగలననీ చెప్పింది. నిజంగానే కళ్ళు మూసుకుని తీసినట్టుంది. మొదటి కవర్లో గడువు తీరిన స్కూటర్ ఇన్సూరెన్సు వచ్చింది. రెండో కవర్లో తమ్ముడి స్కూలు వాళ్ళిచ్చిన సత్ప్రవర్తన పత్రం వచ్చింది. మూడో కవర్లో ఎవరిదో శుభలేఖ. ఆ శుభలేఖ ఎవరిదని ఫోనులో అడిగితే, పెళ్ళికి సంబంధించిన కాగితమే కదా అని పంపానంది వదిన.

తర్వాతి మూడు నెలలూ భర్త ఖాతాలోకి వెళ్ళాయి. అతను మంచివాడు. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోయి మనుషులు ఇరుక్కుంటే అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తే రకం. కానీ కాగితం ఆగిపోతే మాత్రం అతనిలో చలనం ఉండేది కాదు. తన తరఫున ఆమె కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చని ఒక అధికార పత్రం రాసి, సంతకం పెట్టి, అక్కడి అధికారితో ముద్ర వేయించి పంపాలి. వచ్చే సోమవారం పంపుతానన్నాడు. ఆ సోమవారం వెళ్ళింది, దాని తర్వాత పన్నెండు సోమవారాలు వెళ్ళాయి. ఈ సంగతి ఎత్తినప్పుడల్లా అతను నీళ్ళు నమలడమూ, పైన ఎవరో పిలుస్తున్నారంటూ ఫోను పెట్టేయడమూ ఆమెకు వింతగా తోచేది. ఆయన పనిచేసే భవనాల్లో అందరికన్నా పై అంతస్తులో ఉండేది ఆయనే కదా, ఇంకా పైనుంచి ఎవరు పిలుస్తారు?

ఏడో నెలలో ఒక రోజు సెలవు పెట్టి తనే కోర్టుకు వెళ్ళింది. నకళ్ళ సెక్షనులో పొడుగాటి బల్ల వెనక, కళ్ళద్దాలు ముక్కు కొసకు దించుకున్న గుమాస్తా ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆమె చూపిన జిరాక్సును వెలుతురుకు ఎత్తి చూశాడు. కేసు నంబరు సరిగ్గా మసి మరక కింద పడింది. నంబరు లేకుండా వెతకడమంటే గడ్డివాములో సూదిని వెతకడమేనన్నాడు. పైగా ఆమె ఈ కేసులో ఎవరూ కాదు, పార్టీల్లో ఒకరు వచ్చి సంతకం పెట్టాలి. భర్త దూరదేశంలో ఉన్నాడని ఆమె గొణిగింది.

"పార్టీలు ఇద్దరుంటారు కదమ్మా. ఒకరు దూరంగా ఉంటే, రెండో ఆవిడ దగ్గర్లోనే ఉండొచ్చు," అన్నాడాయన, చాలా మామూలుగా.

రెండో ఆవిడ, అంటే భర్త మొదటి భార్య, దగ్గర్లోనే ఉంది. ఆ సంగతి నిదానమ్మకు బాగా తెలుసు. ఆసుపత్రికి వెళ్ళే బస్సు రోజూ ఆవిడ బోర్డు ముందు నుంచే వెళుతుంది. ఆవిడ ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పే స్కూలు నడుపుతోంది. ఊళ్ళో ఆవిడను బ్రేకు టీచరమ్మ అంటారు. నేర్పే కార్లో పక్క సీటు కింద ఆవిడకంటూ ఇంకో బ్రేకు ఉంటుంది, దాని మీద నుంచి ఆవిడ కాలు తియ్యదని. బస్సు ఆ బోర్డు దగ్గరికి రాగానే నిదానమ్మ ఎప్పుడూ రెండో వైపు కిటికీలోంచి చూడటం మొదలుపెట్టేది. ఆ వైపున చూడ్డానికి ఒక సిమెంటు గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడ మీద ఎన్ని పగుళ్ళున్నాయో మూడేళ్ళలో ఆమెకు కంఠతా వచ్చేసింది.

ఇంకో రెండు నెలలు ఆ గోడ చూడ్డంలోనే పోయాయి. మూడు నెలల గడువు మిగిలిందనగా, ఒక శనివారం డ్యూటీ దిగి, తాడో పేడో తేల్చుకోవాలని ఆ స్టాపులో దిగిపోయింది. ఏం చెప్పాలో బస్సులోనే పాఠంలా వల్లెవేసుకుంది. నమస్కారమండీ, నేను ఫలానా, మీ తీర్పు నకలు ఒకటి కావాలండీ. అంతే కదా, మూడు ముక్కలు.

స్కూలంటే ఒక చిన్న గది. గోడ నిండా రోడ్డు గుర్తుల పటాలు, బల్ల మీద చెక్క చక్రం ఒకటి, గుమ్మం ముందు ఎర్ర అక్షరం బోర్డున్న తెల్ల కారు. బల్ల వెనక నలభై ఏళ్ళావిడ, జుట్టు బిగించి ముడివేసుకుని, రిజిస్టరులో ఏదో రాసుకుంటోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"నేర్చుకోవడానికేనా?"

"అవునండీ," అంది నిదానమ్మ.

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. తెలిసేలోగా ఒక ఫారం చేతిలోకి వచ్చింది. రోజుకు వంద ఫారాలు నింపే చెయ్యి కాబట్టి గళ్ళన్నీ గడగడా నింపేసింది. రక్తం గ్రూపు అని ఉన్నచోట, అందరూ ఖాళీ వదిలేస్తారని టీచరమ్మ అంటే, కాస్త గర్వంగా కూడా రాసింది. టీచరమ్మ ఫారం తీసుకుని పైనుంచి కిందికి చదివి, ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, సోమవారం పొద్దున ఆరున్నరకు రమ్మంది.

ఇంటికి వెళ్ళి తల్లికి చెబితే ఆవిడ నెత్తి కొట్టుకుంది. కాగితం కోసం వెళ్ళి కారు నేర్చుకోవడానికి చేరి వచ్చావా, పిల్లి మెడలో గంట కట్టమంటే పిల్లికి పాలు పోసి వచ్చినట్టుందే అంది. సోమవారం అడిగేస్తానమ్మా అని మాటిచ్చింది కూతురు.

సోమవారం అడగడానికి వీల్లేకపోయింది. రెండు పాదాలకు మూడు పెడల్సు ఇచ్చినవాడెవడో కానీ, వాడి మీద కోపంతోనే ఆ అరగంటా గడిచిపోయింది. క్లచ్చి వదిలితే కారు దగ్గింది, పట్టుకుంటే కదల్లేదు. టీచరమ్మ మాత్రం విసుక్కోలేదు. కాలి కింద బండి సన్నగా వణుకుతుంది చూడు, అక్కడ ఆగు, ఆ వణుకు తెలిస్తే సగం విద్య వచ్చినట్టే అంది. ఆ మాట నిదానమ్మకు వెంటనే అర్థమైంది. చర్మం కింద నరం వేలికి తగిలినప్పుడు అలాగే ఉంటుంది. మూడో రోజుకల్లా ఆ వణుకు పట్టేసింది. నాలుగో రోజు కారు దగ్గకుండా కదిలింది. అయిదో రోజు, ఎదురుగా వస్తున్న పాలవ్యానుకు దారి ఇచ్చి, ఆ డ్రైవరు చెయ్యెత్తి పలకరిస్తే, ఆమె పొంగిపోయింది. ఆ పూట కాగితం సంగతి గుర్తే రాలేదు.

గుర్తొచ్చిన రోజులు లేకపోలేదు. ఒకసారి ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు గొంతు సవరించుకుని, మిమ్మల్ని ఒకటి అడగాలండీ అంది. టీచరమ్మ అడగమంది.

"హ్యాండ్ బ్రేకు ఎప్పుడు తియ్యాలండీ?"

టీచరమ్మ ఆమెవైపు చూసి, కదిలే ముందు తియ్యాలని చాలా శ్రద్ధగా చెప్పింది. ఇంకోసారి అడగబోయి, వాన పడేటప్పుడు అద్దం తుడిచే మీట గురించి అడిగింది. మరోసారి టైర్లలో గాలి గురించి. అలా ఆమెకు కారు గురించి తెలియని విషయమంటూ లేకుండా పోయింది.

పదిహేనో రోజున టీచరమ్మ రోజూ వెళ్ళే దారి వదిలి బండిని కోర్టు వీధిలోకి తిప్పమంది. అక్కడ పొద్దున్నే జాగా దొరకదనీ, అక్కడ ఆపడం వస్తే లోకంలో ఎక్కడైనా ఆపొచ్చనీ చెప్పి, సరిగ్గా కోర్టు గేటు ఎదురుగా, రెండు బళ్ళ మధ్యకు వెనక్కి పెట్టించింది. నిదానమ్మకు చెమటలు పోశాయి. పెట్టాక టీచరమ్మ ఇంజన్ ఆపించి, తీరిగ్గా సీసాలోంచి మంచినీళ్ళు తాగి, ఇంకేమైనా అడగాలా అని అడిగింది. ఏం లేదండీ అంది నిదానమ్మ. టీచరమ్మ నిట్టూర్చి, అయితే ఎడమ అద్దం చూసుకుని తియ్యమంది.

క్లాసులు అయిపోయాయి. ఇంకో నెల రోజులకు పొడిగించుకుంది. రివర్సు ఇంకా కుదరలేదని సాకు చెప్పింది కానీ, అప్పటికి ఆమె రివర్సు చేస్తుంటే మిగతా విద్యార్థినులు నిలబడి చూసేవారు. అసలు సంగతేమిటంటే ఆమెకు ఆ అరగంట బాగుండేది. ఆ కార్లో ఉన్నంతసేపూ తను ఎవరి కోసమో, ఏ చీటీ కోసమో ఎదురుచూసే మనిషిలా అనిపించేది కాదు. టీచరమ్మ కూడా బాగుండేది. అదే చిక్కయిపోయింది. గయ్యాళి అయితే ఈపాటికి అడిగేసి, తిట్లు తిని వచ్చేసేది. మంచి మనిషితో ఇన్నాళ్ళు మాట్లాడాక, నేను ఫలానా అని ఇప్పుడు చెబితే మోసం చేసినట్టుండదా?

లైసెన్సు టెస్టుకు ముందురోజు చివరి క్లాసు. గడువు ఇంకా నలభై రోజులుంది. ఊరి చివర ఖాళీ రోడ్డు మీద బండిని పక్కకు ఆపి ఇంజన్ కట్టెయ్యమంది టీచరమ్మ. కట్టేసింది. ఎక్కడో ట్రాక్టరు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"రేపు టెస్టు," అంది టీచరమ్మ. "నువ్వు పాసైపోతావు. ఆ తర్వాత నా దగ్గరికి రావడానికి నీకు సాకు దొరకదు. అందుకని ఇవాళైనా అడుగుతావా, లేకపోతే లారీ నేర్పమంటావా?"

నిదానమ్మ స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయింది. మీకు ఎప్పుడు తెలిసిందండీ అని మాత్రం అంది.

"మొదటి రోజే. ఫారంలో భర్త పేరు రాశావు కదా తల్లీ. ఇంటి పేరుతో సహా, అక్షరం పోకుండా."

నిదానమ్మ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. మోచెయ్యి తగిలి హారన్ మోగింది. ఆ మోతకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు, ఉలిక్కిపడ్డందుకు ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మాట బయటికొచ్చింది. పచ్చ చీటీ, వదిన పంపిన శుభలేఖ, పన్నెండు సోమవారాలు, మసి మరక కింద నంబరు, బస్సు కిటికీలో సిమెంటు గోడ, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. టీచరమ్మ మధ్యలో అడ్డం రాకుండా విన్నది. ఒక్క సంతకం కోసం క్లచ్చి, బ్రేకు, అయిదు గేర్లు నేర్చుకున్నావా అని చివర్లో అడిగి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది.

నన్ను చూసిపోదామని వచ్చావనుకున్నాను, అని కూడా చెప్పింది. ఆయన మొదటి పెళ్ళాం ఎలా ఉంటుందో చూద్దామని ఏ ఆడదానికైనా ఉంటుంది, చూసుకుని పోతుందిలే అనుకున్నదట. మూడో రోజుకు అది కాదని తెలిసిందట. చూడ్డానికి వచ్చినదైతే పక్కకు చూస్తుంది, నువ్వు రోడ్డే చూస్తున్నావు అంది.

"మరి మీరే అడగొచ్చు కదండీ," అంది నిదానమ్మ.

"అడుగుదామనే అనుకున్నాను. కానీ నువ్వు అప్పుడప్పుడే మూడో గేరులోకి వస్తున్నావు. అడిగితే ఆ కాగితమేదో పట్టుకుని పోతావు, మళ్ళీ రావు. నడపడం సగంలో ఆగిపోతుంది."

తిరుగు దారిలో టీచరమ్మ తమ పెళ్ళి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. రెండేళ్ళు కలిసున్నారు. ఆయన ఏ పనైనా రేపు అంటాడు, తను అదే పని నిన్ననే కావలసింది అంటుంది. ఇద్దరికీ మధ్యలో ఇవాళ అనేది ఎప్పుడూ దొరకలేదు. తీర్పు వచ్చిన రోజు ఎండ మండిపోతుంటే ఆయన ఆవిడకు ఆటో పిలిచి ఎక్కించి, తను నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వకీలు ఇచ్చిన జిరాక్సుతోనే సరిపెట్టుకున్నట్టున్నాడు, నకలు తీసుకోవడానికి మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. సిగ్గుపడి ఉంటాడు, చెడ్డవాడు కాదు అంది.

స్కూలు గదిలో బీరువా తెరిచి, ఒక ఫైలు తీసి, తీర్పు నకలు బల్ల మీద పెట్టింది. మూడు పేజీలూ ఉన్నాయి, ముద్రా ఉంది, నంబరూ ఉంది. ప్రతి పేజీకీ అద్దంలా మెరిసే ప్లాస్టిక్ పొర కూడా ఉంది. పాడవకుండా ఉంటుందని అప్పట్లోనే లామినేషన్ చేయించిందట.

నిదానమ్మ పచ్చ చీటీ తీసి, చివరి వరుస మీద వేలు పెట్టి చూపించింది. టీచరమ్మ రెండుసార్లు చదివింది. జాగ్రత్త ఎక్కువైతే ఇంతేనమ్మా అని తనను తాను తిట్టుకుని, నంబరు ఉంది, సంతకం పెట్టడానికి నేనున్నాను, రేపు టెస్టు కాగానే అటే పోదాం, నువ్వే నడుపు అంది.

ఆ రోజే, క్లాసు నుంచి వచ్చి ఆసుపత్రికి వెళ్ళే ముందు నిదానమ్మ భర్తకు ఫోను చేసింది. ఎప్పుడూ కాగితం సంగతి చివర్లో, భయంభయంగా ఎత్తేది. ఈసారి మొదటి మాటే అది.

"ఏమండీ, నేను మీ మొదటి భార్య దగ్గర కారు నేర్చుకున్నాను."

అవతల పనిముట్లేవో కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"బాగా నేర్పుతుందా?" అన్నాడతను.

బాగా నేర్పుతుందని చెప్పి, జరిగిందంతా చెప్పింది. అప్పుడతను కూడా విప్పాడు. అధికార పత్రం ఎప్పుడో టైపు చేయించాడట. అందులో ఆ పాత కేసు వివరాలు రాయవలసిన చోటికి వచ్చేసరికి చెయ్యి ఆడేది కాదట. టీచరమ్మకు మూడుసార్లు మెసేజీ రాసి మూడుసార్లూ చెరిపేశాడట. నీకెలా చెప్పాలో తెలియక సోమవారాలు చెప్పానన్నాడు. ఆమెకు కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ నలభై రోజులపాటు హ్యాండ్ బ్రేకు గురించీ, టైర్ల గురించీ అడిగిన మనిషి ఇంకొకరిని ఏమని తిడుతుంది? ఇక మీదట మన ఇంట్లో కాగితాలు నావి, లిఫ్టులు మీవి, అంది. అతను కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. ఆవిడకు ఒకసారి ఫోను చేసి థాంక్సు చెప్పమంది. రేపు చేస్తానని అనబోయి, ఆమె ఏమీ అనకముందే, ఇప్పుడే చేస్తానన్నాడు. చేశాడు కూడా. అరగంట తర్వాత టీచరమ్మ నుంచి మెసేజీ వచ్చింది: ఇవాళే చేశాడు, నమ్మలేకపోతున్నాను.

టెస్టులో ఎత్తు మీద ఆపి కదిలించమన్నారు. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు. ఇనస్పెక్టరు కాగితం మీద టిక్కు కొట్టి, తర్వాతి మనిషిని పిలిచాడు. అక్కడి నుంచి కోర్టు వీధికి నిదానమ్మే నడిపింది. గేటు ఎదురుగా రెండు బళ్ళ మధ్యకు ఒక్క దెబ్బలో పెట్టింది.

నకళ్ళ సెక్షనులో అదే గుమాస్తా, అవే కళ్ళద్దాలు. టీచరమ్మ నంబరు రాసి, సంతకం పెట్టి, దరఖాస్తు ముందుకు జరిపింది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ నకలెందుకని ఆయన అడిగాడు.

"నాక్కాదండీ, ఈ అమ్మాయికి. నా స్టూడెంటు. ఆయన భార్య."

"ఎవరి భార్య?"

"ఈ కాగితంలో ఉన్నాయన భార్య."

గుమాస్తా కలం ఆగిపోయింది. కళ్ళద్దాలు ముక్కు కొస నుంచి పైకి తోసుకుని ఒకసారి ఈవిడను, ఒకసారి ఆవిడను చూశాడు. ఈ బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా కూర్చున్నాననీ, ఒకే మనిషి తాలూకు ఇద్దరు ఒకే కార్లో రావడం ఎప్పుడూ చూడలేదనీ అన్నాడు. పదిహేను రోజుల్లో వస్తుందని చెప్పి ముద్ర కొట్టాడు.

పదిహేను రోజులకు రాలేదు. ఆ ఏడాది కట్టలో ఆ కేసు లేదన్నారు. ఎవరో తీసి వేరే ఏడాదిలో పెట్టారన్నారు. రికార్డు గదిలో వెతికే ఆయన సెలవులో ఉన్నాడన్నారు. ఒకప్పటి నిదానమ్మ అయితే ఆ మాట విని ఇంటికి వచ్చేసి దిగులుపడేది. ఇప్పుడు రెండు రోజులకోసారి ల్యాబు నుంచే ఫోను చేసి, ఏమైందండీ అని అడుగుతోంది. ఒకసారి స్వయంగా వెళ్ళి, సెలవులో ఉన్నాయన బదులు ఎవరు వెతుకుతారండీ అని బల్ల ముందు నిలబడింది. గట్టిగా అడగలేదు. నరం దొరికేదాకా చెయ్యి వదలనట్టు, జవాబు దొరికేదాకా అక్కడే నిలబడింది, అంతే. గుమాస్తా లేచి తనే రికార్డు గదిలోకి వెళ్ళాడు. గంట తర్వాత చొక్కా నిండా దుమ్ముతో, మొహం నిండా నవ్వుతో బయటికొచ్చాడు. కట్ట దొరికింది. పక్క ఏడాదిలోనే ఉంది.

ఇరవై ఎనిమిదో రోజున నకలు చేతికొచ్చింది. మూడు పేజీలు, ప్రతి పేజీ మీద ఎర్ర ముద్ర. టీచరమ్మ దాన్ని తీసుకుని, కవర్లో పెట్టి, కవరు మీద పెద్ద అక్షరాలతో లామినేషన్ వద్దు అని రాసి ఇచ్చింది. మర్నాడు నిదానమ్మ దాన్ని వీసా కాగితాలు తీసుకునే ఆఫీసుకు పట్టుకెళ్ళింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి పేజీలు లెక్కపెట్టి, ముద్ర మీద బొటనవేలు రాసి చూసి, పాస్‌పోర్టు కూడా తీసుకుని, రశీదు ఇచ్చింది. మొత్తం మూడు నిమిషాలు పట్టింది. గడువు ఇంకా పది రోజులుంది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, ఈ మూడు నిమిషాల పనికా ఏడాది పట్టింది అనుకుని తనలో తనే నవ్వుకుంది. లోపలికి వెళుతున్న ఒకావిడ, పని అయిందామ్మా అని అడిగితే, అయిందండీ, మీరు చీటీలో చివరి వరుస దాకా చదువుకోండి అని చెప్పింది.

అయిదు వారాలకు పాస్‌పోర్టు వచ్చింది, లోపల వీసా అతికించి. ల్యాబులో మిఠాయిలు పంచారు. తల్లి ఒక కన్నుతో ఏడ్చి ఒక కన్నుతో నవ్వింది. నిదానమ్మ పాస్‌పోర్టు పట్టుకుని స్కూలుకు వెళ్ళేసరికి టీచరమ్మ ఎవరికో రివర్సు నేర్పుతోంది. ఆ కారు అష్టవంకరలు తిరిగి, చెత్తకుండీకి జానెడు దూరంలో ఆగింది. టీచరమ్మ దిగి వచ్చి, పాస్‌పోర్టు పేజీ పేజీ తిప్పి చూసి, ఫోటోలో అంత బెదిరిపోయి ఉన్నావేమిటి అంది.

గదిలో కూర్చుని టీ తాగారు. ఇంతకాలం ఆవిడను ఏమని పిలవాలో నిదానమ్మకు తేలలేదు. మన చుట్టరికాల్లో మేనత్త ఆడపడుచు తోటికోడలికి కూడా ఒక వరస ఉంటుంది కానీ, భర్త మొదటి భార్యకు ఎవరూ ఏమీ పెట్టినట్టు లేదు. ఆ పూట మాత్రం ఆలోచించకుండానే అక్కా అని పిలిచింది. టీచరమ్మ విననట్టే ఊరుకుని, ఇంకో సగం కప్పు పోసింది.

అక్కడ రోడ్డుకు ఇటు కాకుండా అటు పక్కన నడుపుతారట కదా అక్కా, అని నిదానమ్మ బెంగపడింది. అయితే మొదటి నెల స్టీరింగు ముట్టుకోవద్దనీ, కళ్ళు అలవాటుపడేదాకా పక్క సీట్లో కూర్చుని చూడమనీ టీచరమ్మ చెప్పింది.

"ఆయన నడిపితేనా?" అంది నిదానమ్మ.

"ఆయన నడిపితే వెనక సీట్లో కూర్చో."

"అదేమిటక్కా?"

"ఆయనకి నేర్పింది నేనే. నా మొదటి స్టూడెంటు. అప్పటికి నాకే సరిగ్గా రాదు," అంది టీచరమ్మ. బయట కారు హారన్ రెండుసార్లు మోగడంతో, కప్పు బల్ల మీద పెట్టేసి పరుగెత్తింది.